కేటీలో ఇల్లు కొనాలా వద్దా? ముందు గడప ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో చెప్పు

ప్రశ్న: అన్నా, మేము హ్యూస్టన్ వచ్చి మూడేళ్ళయింది. ఫోర్ట్ బెండ్ కౌంటీలో, కేటీ వైపు, 2004లో కట్టిన ఇల్లు ఒకటి బాగా నచ్చింది. ఆఫర్ ఒప్పుకున్నారు, పది రోజుల ఆప్షన్ పీరియడ్ (కొనకుండా వెనక్కి తగ్గే గడువు) నడుస్తోంది. ఏజెంటేమో "ఇది ఎక్స్ జోన్, ఫ్లడ్ ఇన్సూరెన్స్ బ్యాంకు కూడా అడగదు, టెన్షన్ పడకండి" అంటున్నాడు. నేను ఫీమా (ఇక్కడి కేంద్ర విపత్తు నిర్వహణ సంస్థ) వాళ్ళ రిస్క్ ఇండెక్స్ తెరిచి చూస్తే కౌంటీకి రిస్క్ ఎక్కువని చూపిస్తోంది. మా నాన్న విజయవాడ సింగ్ నగర్‌లో ఉంటారు, 2024లో బుడమేరు నీళ్ళొచ్చినప్పుడు నాలుగు రోజులు మేడ మీద గడిపిన మనిషి, వద్దంటే వద్దంటున్నారు. మా ఆవిడకి ఆ ఇల్లు తప్ప ఇంకోటి కంటికి ఆనట్లేదు. ఎవరి మాట వినాలి? అసలీ రిస్క్‌ని మామూలు మనిషి ఎలా లెక్కేసుకోవాలి?

జవాబు: తమ్ముడూ, నీ ఏజెంటూ, ఇండెక్సూ, నాన్నగారూ ముగ్గురూ అబద్ధం చెప్పట్లేదు. కాకపోతే ముగ్గురూ మూడు వేరే వేరే ప్రశ్నలకి జవాబు చెప్తున్నారు, వాటిల్లో ఏదీ నువ్వు అడగాల్సిన ప్రశ్న కాదు. నువ్వు అడగాల్సింది ఒక్కటే: ఆ ఇంటి గచ్చు ఎన్ని అడుగుల ఎత్తులో ఉంది, ఆ చుట్టుపక్కల నీళ్ళు ఇప్పటిదాకా ఎన్ని అడుగుల దాకా వచ్చాయి? ఈ రెండు అంకెలూ చేతిలో లేకుండా ఎవరేం చెప్పినా జాతకం చెప్పినట్టే.

ముందు ఆ ఇండెక్స్ సంగతి చూద్దాం, నిన్ను భయపెట్టింది అదే కాబట్టి. నేషనల్ రిస్క్ ఇండెక్స్ అనేది మూడు వేల పైచిలుకు కౌంటీలని ఒకదాని పక్కన ఒకటి పెట్టి ర్యాంకు ఇచ్చేది. తుఫాను, వరద, టోర్నడో, వడగళ్ళు, చలి, ఎండ, భూకంపం ఇలా 18 రకాల విపత్తులకి ఏటా సగటున ఎంత నష్టం రావచ్చో డాలర్లలో లెక్కేసి, అక్కడి జనం ఎంత బలహీనంగా ఉన్నారు, దెబ్బ తగిలితే ఎంత త్వరగా లేచి నిలబడగలరు అనేవి కలిపి ఒక స్కోరు ఇస్తుంది. ఇందులో మెలిక ఏమిటంటే నష్టం డాలర్లలో కాబట్టి, ఇళ్ళు ఎక్కువా ఖరీదు ఎక్కువా ఉన్న కౌంటీకి స్కోరు దానంతటదే పెరుగుతుంది. ఫోర్ట్ బెండ్‌లో 2020 జనాభా లెక్కల ప్రకారమే 8 లక్షల 22 వేల మంది ఉన్నారు, గాలి గట్టిగా వీచినా పోయే పైకప్పులు ఎన్నో చూసుకో. అదే తుఫాను నలభై ఇళ్ళున్న ఎడారి కౌంటీ మీద పడితే స్కోరు కదలదు. అందుకని మొత్తం స్కోరు వదిలెయ్, దాని కింద ఏ విపత్తుకి ఎంత అని విడివిడిగా చూపిస్తుంది కదా, ఆ జాబితా చదువు. కౌంటీ దగ్గర ఆగకుండా సెన్సస్ ట్రాక్ట్ (జనాభా లెక్కల కోసం కౌంటీని విడగొట్టిన చిన్న ముక్క) దాకా దిగి చూడు. అక్కడికీ నీ గడప సంగతి దానికి తెలియదు, కానీ దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తెలుస్తుంది. ఇక్కడ భూకంపం గురించి నిద్ర చెడగొట్టుకోవాల్సిన పని లేదు. నీళ్ళూ, తుఫాను గాలీ, వడగళ్ళూ, ఆ తర్వాత కరెంటు పోవడం, ఇవీ మన కౌంటీ కష్టాలు.

ఇక నీ ఏజెంటు. అతను చెప్తున్నది బ్యాంకు ప్రశ్నకి జవాబు. బ్యాంకుకి కావాల్సింది ఫీమా మ్యాపులో ఏ లేక ఏఈ జోన్‌లో, అంటే వందేళ్ళ వరద గీత లోపల, ఉన్నావా లేదా అని, ఉంటే ఇన్సూరెన్స్ తప్పనిసరి, లేకపోతే వాళ్ళకి అనవసరం. ఆ గీతకి బయట ఉన్నది ఎక్స్, ఎక్స్ అంటే మునగదు అని ఎవరూ ఎక్కడా రాయలేదు. పైగా ఎక్స్‌లోనే రెండు రకాలున్నాయి, మ్యాపులో మసక రంగు వేసినది ఒకటి, ఏ రంగూ లేనిది ఇంకోటి. రంగు వేసినదాన్ని జనం ఐదొందల ఏళ్ళ వరద జోన్ అంటారు. ఈ వందేళ్ళు, ఐదొందల ఏళ్ళు అనే మాటలు కనిపెట్టినవాడిని పట్టుకుని అడగాలి నిజంగా. వందేళ్ళ వరద అంటే వందేళ్ళకోసారి వచ్చేది కాదు, ప్రతి ఏడూ నూటికి ఒక వంతు అవకాశం ఉన్నది. ఏడాదికి ఒక శాతం అంటే చిన్నగా కనిపిస్తుంది కానీ నీ ఇంటి లోను 30 ఏళ్ళు, ఆ 30 ఏళ్ళలో కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం 26 శాతం, అంటే నాలుగింట ఒకటి. మా హ్యూస్టన్ వాళ్ళయితే 2015లో, 2016లో, 2017లో వరసగా మూడేళ్ళు పెద్ద వరదలు చూశారు. 2017లో వచ్చిన హార్వీ తుఫానుకి పక్కనున్న హ్యారిస్ కౌంటీలో లక్షా 54 వేల ఇళ్ళు మునిగితే వాటిల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆ వందేళ్ళ గీతకి బయట ఉన్నవే, చాలామందికి ఫ్లడ్ ఇన్సూరెన్సే లేదు, ఎందుకంటే వాళ్ళకీ ఇలాంటి ఏజెంటే దొరికుంటాడు.

ఇప్పుడు అసలు విషయానికొస్తున్నా, కాస్త ఓపికగా చదువు. నువ్వు కేటీ వైపు, 2004 ఇల్లు అనగానే నాకు మొదట గుర్తొచ్చింది బార్కర్ రిజర్వాయర్. నీకు జార్జ్ బుష్ పార్కు తెలిసే ఉంటుంది, శనివారాలు పిల్లల్ని తీసుకెళ్తారు, సైకిళ్ళు తొక్కుతారు. అది పార్కు మాత్రమే కాదు, ఎండిపోయి ఉన్న చెరువు. 1929లో, 1935లో హ్యూస్టన్ డౌన్‌టౌన్ మునిగాక, ఊళ్ళోకి నీళ్ళు రాకుండా పైనే ఆపడానికి ఆర్మీ కోర్ (అమెరికా సైన్యం ఇంజనీర్ల విభాగం) వాళ్ళు 1940లలో బార్కర్, ఆడిక్స్ అని రెండు మట్టికట్టలు కట్టారు. మామూలు రోజుల్లో అందులో నీళ్ళుండవు, గట్టి వానొస్తే గేట్లు మూసి నీళ్ళు వెనకాల నిలబెడతారు. కట్ట వెనకాల నీళ్ళు ఎక్కడిదాకా పరుచుకుంటాయో ఆ భూమంతా ప్రభుత్వం కొనాలి కదా, కొనలేదు. బార్కర్ వెనక సముద్రమట్టానికి 95 అడుగుల ఎత్తు దాకా ఉన్న భూమే ప్రభుత్వానిది. అప్పట్లో ఆ పైనంతా పశువుల మేత, వరి పొలాలు కాబట్టి ఎవరికీ పట్టలేదు. తర్వాత్తర్వాత ఆ పొలాలే లేఅవుట్లయ్యాయి, సింకో రాంచ్ చుట్టుపక్కల వేల ఇళ్ళు లేచాయి.

హైదరాబాద్ వార్తలు చూస్తుంటావు కదా, ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్, శిఖం భూమి, హైడ్రా బుల్డోజర్లు. అచ్చంగా అదే కథ, తేడా ఏమిటంటే ఇక్కడ అన్నీ పర్మిషన్లతోనే కట్టారు, కబ్జా ఏమీ లేదు. 2017 ఆగస్టులో హార్వీ వచ్చినప్పుడు బార్కర్‌లో నీటిమట్టం 101 అడుగులు దాటింది, 101.6 దగ్గర ఆగింది. ప్రభుత్వ భూమి 95, నీళ్ళు 101.6. మధ్యలో ఆ ఆరున్నర అడుగుల్లో ఉన్నవి ఇళ్ళే. కట్ట తెగలేదు, గండి పడలేదు, చెరువు చెరువులాగే పనిచేసింది, చెరువు లోపల మనవాళ్ళు కాపురం ఉన్నారంతే. వచ్చిన నీళ్ళు గంటల్లో పోలేదు, రోజుల తరబడి నిలబడే ఉన్నాయి.

ఇంకా విడ్డూరం ఏమిటంటే ఫోర్ట్ బెండ్‌లో కొన్ని లేఅవుట్ల ప్లాన్ కాగితం మీద ఓ మూల చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది, ఈ సబ్‌డివిజన్ బార్కర్ రిజర్వాయర్ పక్కన ఉంది, ఆర్మీ కోర్ నిర్వహణలో ఇక్కడ నీళ్ళు ఎక్కువ కాలం నిలవొచ్చు అనే అర్థంలో. కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డయిన కాగితం అది. ఇల్లు కొన్నవాళ్ళలో దాన్ని విప్పి చదివినవాళ్ళు నాకు ఒక్కరు కూడా తగల్లేదు.

హార్వీ తర్వాత ఆ సెప్టెంబరులో నేనూ ఇంకో నలుగురం కలిసి ఒక స్నేహితుడింట్లో షీట్‌రాక్ (గోడలకి లోపల బిగించే జిప్సం పలకలు) కొట్టడానికి వెళ్ళాం. బయట గోడ మీద గీత గీసినట్టు మడ్డి రంగు చార, నా మోకాలికి జానెడు పైన. లోపల పూజగదిలో క్యాలెండరు తేదీల సగం నాని ఊడిపోయింది, పైన వేంకటేశ్వరస్వామి మాత్రం చెక్కు చెదరలేదు. ఆవకాయ జాడీ వంటింట్లోంచి హాల్లోకి తేలుకుంటూ వచ్చి సోఫా మీద కూచుంది, మూత తీయలేదు కాబట్టి లోపల పచ్చడి బాగానే ఉందని వాళ్ళమ్మగారు, అది మీరెవరూ తినకూడదని మేము, ఆ ఏడుపులో కూడా అదో గొడవ. నాలుగడుగుల ఎత్తు దాకా గోడలన్నీ కోసేశాం. ఆ ఇల్లు కూడా ఎక్స్ జోనే. ఇన్సూరెన్స్ లేదు.

కాబట్టి నువ్వు రేపొద్దున చేయాల్సిన మొదటి పని, ఎలివేషన్ సర్టిఫికెట్ ఉందేమో అమ్మేవాళ్ళని అడగడం. లేకపోతే సర్వేయర్‌ని పెట్టి చేయించు, కొన్ని వందల డాలర్లు అవుతుంది, ఇంత పెద్ద కొనుగోలులో అది లెక్కలోది కాదు. అందులో గచ్చు ఎత్తు ఉంటుంది. (ఇక్కడివాళ్ళు స్లాబ్ అంటే పైకప్పు అనుకునేవు, అది కింద పోసే కాంక్రీటు.) ఆ అంకెని 101.6తో పోల్చు. పోల్చేముందు రెండూ ఒకే కొలమానంలో ఉన్నాయో లేదో సర్వేయర్‌ని అడుగు, ఎందుకంటే పాత కాగితాల్లో వేరే కొలమానం ఉంటుంది. పైగా ఇక్కడ బోర్లు తోడీ తోడీ నేలే కుంగుతోంది, దాన్ని ఆపడానికి 1989లోనే ఫోర్ట్ బెండ్‌లో సబ్‌సిడెన్స్ డిస్ట్రిక్ట్ అని ఒక సంస్థనే పెట్టాల్సొచ్చింది. ఇరవై ఏళ్ళ కిందటి ఎత్తుని ఇవాళ్టి ఎత్తు అనుకోకు.

గచ్చు 101.6 కంటే కింద ఉంటే నా మటుకు నేను ఆ ఇల్లు కొనను, వంటిల్లు ఎంత బాగున్నా సరే. చెల్లెమ్మకి కోపమొస్తే నామీద వేసెయ్. ఒకటి రెండడుగులు పైన ఉంటే, హార్వీయే ఆఖరి హద్దని ఎవరూ రాసివ్వలేదు కాబట్టి, ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఫ్లడ్ ఇన్సూరెన్స్ కట్టుకుంటూ ఉండాలి, ఆ ఖర్చు ఇంటి ధరలో బేరమాడాలి. బాగా పైన ఉండి, బార్కర్‌కి సంబంధం లేని చోటయితే అప్పుడు మిగతావి చూసుకోవచ్చు.

రెండో పని, సెల్లర్స్ డిస్‌క్లోజర్ కాగితం. 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో చట్టం మారింది. ఇల్లు ఎప్పుడైనా మునిగిందా, ఫ్లడ్ పూల్‌లో (రిజర్వాయర్ నిండితే నీళ్ళు పరుచుకునే భూమిలో) ఉందా, రిజర్వాయర్‌లో ఉందా, ఫ్లడ్ క్లెయిమ్ పెట్టారా అని విడివిడిగా గళ్ళున్నాయి, అమ్మేవాళ్ళు టిక్కు పెట్టాలి. నీది ఒకరు కాపురమున్న ఇల్లు కాబట్టి నీకు ఆ కాగితం వస్తుంది. మనవాళ్ళకి కొత్త ఇళ్ళంటే మోజు కదా, ఫుల్షర్ వైపు బిల్డర్ దగ్గర కొనేవాళ్ళకి ఈ కాగితం రాదు, ఎవరూ ఉండని కొత్త ఇంటికి ఆ చట్టం వర్తించదు. "కొత్తది కదా, ఇంకా మునగలేదు" అనుకుంటారు. ఇక్కడ ఒకప్పుడు కనుచూపుమేరా వరి పండింది. వరి పండిందంటే ఆ నేల నీళ్ళు నిలబెట్టుకుంటుందని కృష్ణా తీరం వాడివి నీకు నేను చెప్పాలా?

మూడోది, ఒక సాయంత్రం ఆ వీధికి వెళ్ళి నాలుగిళ్ళ తలుపులు కొట్టు. "ఇక్కడ వరదలొస్తాయా" అని అడక్కు, ఎవరైనా అబ్బే లేదంటారు, వాళ్ళ ఇంటి రేటు కూడా పడిపోతుంది మరి. "2017లో ఇక్కడ నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి, కర్బు దాటాయా, గరాజ్‌లోకి వచ్చాయా, మీరు పడవలో వెళ్ళారా" అని అడుగు. జనం కథ చెప్పడం మొదలుపెడతారు, ఆపడం కష్టం. ఒక సంగతి గుర్తుంచుకో, హ్యూస్టన్ వైపు రోడ్లని వాననీళ్ళు కాసేపు నిలవడానికే పల్లంగా కడతారు. రోడ్డు మీద నీళ్ళుంటే ఇల్లు మునిగినట్టు కాదు, కారు మాత్రం మునుగుతుంది. కారు ఇన్సూరెన్స్‌లో వరద నష్టానికి కూడా ఇచ్చే కాంప్రహెన్సివ్ ఉందో లేదో చూసుకో.

నాలుగోది, ఆప్షన్ పీరియడ్ అయ్యేలోపే ఇన్సూరెన్స్ కోట్ తెప్పించు. మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద ఉండదు, ఇది చదివే పదిమందిలో ఇద్దరికైనా ఇప్పటికీ ఇది కొత్త విషయమే. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, లోపల సామానుకి 1,00,000, సామానుది విడిగా అడిగి తీసుకోవాలి. మామూలుగా డబ్బు కట్టాక అమల్లోకి రావడానికి 30 రోజులు పడుతుంది, తుఫాను టీవీలో కనిపించాక కడితే లాభం లేదు. ఇంటి లోనుతో ముడిపెట్టి క్లోజింగ్‌లోనే తీసుకుంటే ఆ 30 రోజుల నిరీక్షణ ఉండదు. 2021 నుంచి ప్రీమియం జోన్ని బట్టి కాక ఒక్కో ఇంటిని బట్టి లెక్కేస్తున్నారు, కాబట్టి కోట్ అంకె కూడా ఒక సాక్ష్యమే. ఎక్స్ జోన్ ఇంటికి పక్క వీధి కంటే బాగా ఎక్కువ చెప్తున్నారంటే ఎందుకో అడుగు. గాలికీ వడగళ్ళకీ వేరే డిడక్టబుల్ (నష్టంలో ముందు నువ్వే భరించాల్సిన వాటా) ఉంటుంది, అది శాతంలో ఉంటుంది. 4 లక్షల డాలర్ల ఇంటికి రెండు శాతమంటే మొదటి 8,000 నీ జేబులోంచే.

ఈ ఇల్లు కుదరక షుగర్ ల్యాండ్ వైపు వెళ్తే లెక్క మళ్ళీ మారుతుంది. అక్కడ బ్రేజోస్ నది, దానికి కరకట్టలు, వాటిని చూసుకునే లెవీ డిస్ట్రిక్టులు. హార్వీకి రిచ్‌మండ్ దగ్గర నది 59 అడుగులకి వస్తుందని భయపెట్టి ఊళ్ళు ఖాళీ చేయించారు, చివరికి 55 దాటి ఆగింది. కట్టలు నిలిచాయి. కానీ నది పైకి లేచినప్పుడు కట్టల్లోని గేట్లు మూసేస్తారు, కట్ట లోపల పడిన వాన బయటికి పోవాలంటే పంపులే దిక్కు. అక్కడ ఇల్లు చూసేటప్పుడు కట్ట ఎంత ఎత్తని అడిగితే సరిపోదు, పంపులెన్ని, కరెంటు పోతే జనరేటరుందా అని కూడా అడగాలి.

కరెంటంటే గుర్తొచ్చింది. మనం వరద గురించి ఇంత మాట్లాడుకుంటాం కానీ ఈమధ్య మనవాళ్ళని ఎక్కువ ఏడిపించింది కరెంటే. 2021 ఫిబ్రవరి చలికి అటకమీద పైపులు పగిలి సీలింగులు కూలాయి, రాష్ట్రం మొత్తంమీద 246 మంది చనిపోయారని ఆరోగ్యశాఖే లెక్క తేల్చింది. 2024 జులైలో బెరిల్ వచ్చింది, ఒకటో కేటగిరీ తుఫానే, అయినా హ్యూస్టన్ ప్రాంతంలో 22 లక్షల కనెక్షన్లకి పైగా కరెంటు పోయింది, ఆ ఎండలో రోజుల తరబడి. నాన్నగారు ఆరునెలలు వచ్చి ఉంటారనుకుంటా, ఆయనకి షుగరుంటే ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది. ఇండెక్స్ వాళ్ళు జనం బలహీనత అని లెక్కేసేది నీ ఇంట్లో ఇదే. చిన్న జనరేటరో, ఐసు పెట్టెతో డల్లస్‌లో ఉన్న తెలిసినవాళ్ళింటికి వెళ్ళే ఏర్పాటో, ఏదో ఒకటి ముందే అనుకోండి. నీళ్ళ మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇల్లు చూసే రోజే చూడు, చలిరాత్రి టార్చిలైటుతో వెతికే పని కాదది.

నాన్నగారి మాటకొస్తే, ఆయన బుడమేరుని చూసి ఫోర్ట్ బెండ్ మొత్తాన్నీ వద్దంటున్నారు, అది మరీ ఎక్కువ. విజయవాడలోనూ ఆ సెప్టెంబరులో ఊరంతా మునగలేదు కదా, పల్లం మునిగింది, మెరక మిగిలింది. కాకపోతే ఆయన భయానికి ఆధారముంది, నీ ఏజెంటు ధైర్యానికి లేదు. ఆయన్ని వీడియో కాల్‌లో ఆ వీధి చూపించి, వానపడితే ఇక్కడ నీళ్ళు ఎటు పోతాయి అని అడుగు, నీకన్నా ముందు ఆయనే కనిపెడతారు.

పది రోజుల్లో ఎన్ని అయిపోయాయో రాయలేదు నువ్వు. ముందు లేఅవుట్ ప్లాన్ కాపీ కౌంటీ క్లర్క్ రికార్డుల్లోంచి తీసి, పెద్దది చేసి ఆ మూలనున్న సన్న అక్షరాలు చదువు. సర్వేయర్‌కి ఇవాళే ఫోన్ చెయ్. గచ్చు ఎత్తు తెలిశాక ఆ అంకె నాకు రాయి, అప్పుడు చెల్లెమ్మతో నేను మాట్లాడతా.